సంచిలో మూడు ఫ్యూజులు

"నా మొగన్ని సంపినోని తరపున వచ్చి, నా ఇంట్ల కూసొని, నా చేతి చాయ్ తాగుతున్నవా?"

భాగ్య గొంతు పెద్దదేమీ కాదు. కానీ మాట పడ్డచోట గాటు పడేలా ఉంది. కస్తూరి చేతిలో గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు.

"తరపున వచ్చిన మాట నిజమే. సంపినోడు అన్న మాటనే ఇంకా తేలాలె," అంది. "పదిహేను నిమిషాలు ఇయ్యి. తర్వాత ఎల్లగొట్టు, పోత."

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నర. మహబూబాబాద్‌లో భాగ్య అద్దెకుంటున్న రెండు గదుల ఇల్లు అది. భర్త వెంకన్న లైన్‌మన్. అతను పోయాక అదే కరెంటు శాఖలో ఆమెకు అటెండర్ ఉద్యోగం ఇచ్చారు. పదింటికల్లా డ్యూటీలో ఉండాలి.

కస్తూరిది జనగామ. తండ్రిది కిరాణం కొట్టు. కోమటోళ్ల పిల్లకు పోలీసు కొలువేందని చుట్టాలంతా నవ్వితే, నవ్వినోళ్ల ముందే పదమూడేళ్లు క్లూస్ టీంలో ఎస్సైగా చేసింది. పైవాళ్లు అడిగినట్టు రిపోర్టు రాయలేనని ఒకరోజు రాజీనామా ఇచ్చి బయటికి నడిచింది. ఇప్పుడు నలభై ఆరేళ్లు. జనగామలోనే సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది.

ఈ కేసు కథ చిన్నదే. ఆరేళ్ల కింద, జూలై పదిహేడు, బుధవారం. నర్సింహులపేట దగ్గర ఈదులకుంట తండా పొలాల్లో వెంకన్న స్తంభమెక్కి తెగిన తీగ ముడివేస్తున్నాడు. పదకొండూ పదికి తీగలోకి కరెంటు వచ్చింది. మనిషి స్తంభం మీదే పోయాడు. తండాకే చెందిన రైతు ధన్‌సింగ్ కావాలని స్విచ్ వేశాడని పోలీసులు తేల్చారు. వారం ముందు మోటారు కనెక్షన్ దగ్గర వాళ్లిద్దరికీ తగువైంది. "నీ పని చెప్త" అని ధన్‌సింగ్ నలుగురిలో అన్నాడు. పక్కనున్న కోళ్ల ఫారంలో పనిచేసే ఎల్లేశం, ధన్‌సింగ్ స్విచ్ వేస్తుండగా కళ్లారా చూశానని కోర్టులో చెప్పాడు. యావజ్జీవం పడింది.

ఆ బుధవారమే ధన్‌సింగ్‌కు కూతురు పుట్టింది. పూజకు ఇప్పుడు ఆరేళ్లు. తండ్రిని జైలు ఇనుప జాలీ వెనక తప్ప ఎన్నడూ చూడలేదు.

హైకోర్టులో అప్పీలు విచారణ సోమవారం. జనగామ లాయరు వినీత కస్తూరిని పిలిచి ఒకటే మాట చెప్పింది. "మేడమ్, ధన్‌సింగ్ చేయలేదని నాకు నమ్మకం. కానీ నమ్మకం కోర్టుకు పనికిరాదు. చేతిల పట్టుకునేది ఏదన్న తెచ్చియ్యండి."

"ఆ దినం దవాఖానల నీకు ఏమేమి అప్పజెప్పిండ్రు?" కస్తూరి భాగ్యను అడిగింది.

"ఉంగరం, గడియారం, సెల్లు, పనిముట్ల సంచి."

"సంచి తెరిచినవా?"

భాగ్య తలుపు వెనక మేకు వంక చూసింది. మట్టిరంగు గుడ్డసంచి. పట్టీ మీద దుమ్ము పేరుకుంది.

"ఎట్ల తెరుస్త? ఆయన చెయ్యి పెట్టిన సంచి."

"పోలీసోళ్ల పంచనామల 'పనిముట్లతో కూడిన పాత సంచి' అని ఒక్క ముక్క రాసిండ్రు. లోపల ఏమున్నయో రాయలే. ఆరేండ్లల్ల ఒక్కరు గూడ చూడలే. జర తీస్తవా? నేను ముట్ట. నువ్వే తీయి. నేను ఫోన్ల వీడియో తీస్త, అంతే."

భాగ్య లేచి సంచి దించి చాప మీద పెట్టి, ముడి విప్పింది. కటింగ్ ప్లేయరు. రెండు స్పానర్లు. ఒక చేతికి వేసుకునే రబ్బరు తొడుగు. ఉండలా చుట్టిన సన్నటి ఇనుప తీగ. అడుగున తువ్వాలు ముక్కలో మూటగట్టినవేవో ఉన్నాయి. భాగ్య మూట విప్పింది.

మూడు పింగాణీ ఫ్యూజులు. పాతవి, పొగచూరి నల్లబడ్డవి. ఒకదానికి మూల పెచ్చు ఊడిపోయింది.

కరెంటు శాఖలో ఆరేళ్లు తిరిగిన మనిషికి ఆ ముక్కలేమిటో చెప్పే పని లేదు. భాగ్య వాటిని అరచేతిలో తిప్పి చూసింది. ముఖం మెల్లగా మారింది.

"గివి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బల ఉండేటివి," అంది. "స్విచ్ బంద్ జేసుడే గాక, ఎక్కే లైనుకు ఫ్యూజులు గూడ పీకి సంచిల ఏసుకుంటడు. ఇంటికి రెండు తలుపులుంటే రెండూ మూయాలె భాగ్యా అంటుండె." ఆగింది. "ఫ్యూజులు ఈయన సంచిల ఉంటే... స్విచ్ ఎవలు ఏసినా గా లైనుకు కరెంటు పోదు."

"పోదు."

"మరి ఆయన మీదికి యాడికెల్లి వచ్చింది?"

"గదే అడగనీకి పోతున్న." కస్తూరి ఇనుప తీగ ఉండ వైపు చూపించింది. "ఇదేంది?"

"ఎవలో పందుల కోసమని పొలం చుట్టూ దొంగ కరెంటు పెట్టిండ్రట. ఒక పిల్ల చెయ్యి కాలింది. ఈయన పోయి పీక్కొచ్చిండు. ఎవలదో నాకు చెప్పలే. ఈసారి పంచాయితి గాదు, కేసే అన్నడు."

కస్తూరి లేచింది. భాగ్య సంచి ఆమె చేతికివ్వబోయింది.

"వద్దు. నేను తీసుకుంటే నేనే పెట్టిన్నంటరు. నీ దగ్గర్నే ఉండనీ. సోమవారం నువ్వే పట్టుకొని రావాలె. రాగలవా?"

భాగ్య ఫ్యూజులను మళ్లీ తువ్వాలు ముక్కలో మూటగట్టింది.

"ఆరేండ్లు వాని పేరు తీసి తిట్టని దినం లేదు," అంది చివరికి. "ఇగ కోర్టుల గా పేరే నా నోట చెప్పాలెనా?"

"చెప్పాలె."

"వస్త అక్కా."

*

పదీ నలభైకి కస్తూరి ఈదులకుంట తండా పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి ఉంది. ఒక పక్క ధన్‌సింగ్ భార్య కమలాబాయి. రెండో పక్క మంగ్యా, ధన్‌సింగ్‌కు వరసకు తమ్ముడు, పక్క పొలం వాడు. ధన్‌సింగ్ జైలుకు పోయినప్పటి నుంచి అతని ఎకరన్నర పొలం మంగ్యానే దున్నుతున్నాడు. పంటకు ఆరు బస్తాల వడ్లు కమలాబాయి ఇంట్లో దించుతాడు. అతను లేకపోతే పిల్లతో ఏ పట్నానికో వలస పోయేదాన్నని ఆమే చెప్పింది.

"మేడమ్‌కు ఏం గావాలన్న నేనున్న," అన్నాడు మంగ్యా. "మా అన్న బయటికొస్తె నాకు అంతకన్న ఏం గావాలె."

కస్తూరి ముందు డబ్బా చూసింది. ఒకే స్విచ్ కింద ఇక్కడి నుంచి రెండు లైన్లు పోతాయి. తూర్పుది బావుల మోటార్లకు, పడమటిది కోళ్ల ఫారానికి. వెంకన్న చనిపోయింది పడమటి లైనులో మూడో స్తంభం మీద. తూర్పు లైనుకున్న మూడు ఫ్యూజులు పాతవి, పొగచూరి నల్లబడ్డవి. అచ్చం భాగ్య అరచేతిలో ఉన్న వాటిలాంటివే. పడమటి లైనుకున్న మూడూ తెల్లగా ఉన్నాయి, వేరే రకం. వెంకన్న శవాన్ని దించాక వచ్చిన వాళ్లెవరో, ఖాళీగా ఉన్న చోట కొత్తవి బిగించి పోయారు. పాతవి ఏమయ్యాయని ఎవరూ అడగలేదు.

తర్వాత గడియారం చూసుకుని నడిచింది. స్విచ్ దగ్గర్నుంచి ధన్‌సింగ్ ఇంటికి వడివడిగా నడిస్తే తొమ్మిది నిమిషాలు.

"నీకు నొప్పులు ఎన్నింటికి మొదలైనయ్?" కమలాబాయిని అడిగింది.

"పొద్దుగాల్నే. ఆయన ఆటో తోలుకొచ్చి నన్ను ఎక్కించేసరికి రేడియోల పాటలు అయిపోయి పదకొండు గంటల వార్తలు షురువైనయ్. దవాఖానల చీటి పదకొండూ ముప్పై అయిదుకు రాసిండ్రు. గా చీటి కోర్టుల గూడ చూపెట్టినం."

"పద్నాలుగు కిలోమీటర్లు. పదకొండూ పదికి స్విచ్ ఏసి, తొమ్మిది నిమిషాలు నడిచొచ్చి, నొప్పులు పడే మనిషిని ఆటో ఎక్కించి, పదహారు నిమిషాలల్ల దవాఖానకు చేరాలె. ఈ గుంతల తోవల మంత్రి కాన్వాయ్ గూడ పోలేదు."

కమలాబాయి నవ్వలేదు కానీ, ముఖం కొంచెం తేటపడింది.

కోళ్ల ఫారం మూతపడి మూడేళ్లయింది. జనరేటర్ షెడ్డు మాత్రం అట్లాగే ఉంది. గోడకు చేంజోవర్ పిడి ఉంది, లైను కరెంటు ఒక పక్క, జనరేటర్ కరెంటు ఇంకో పక్క పెట్టి, రెండూ కలవకుండా చూసే పిడి. కస్తూరి గుడ్డతో పట్టుకుని లాగింది. రాలేదు. ఎప్పుడో ఇరుక్కుపోయి తుప్పు పట్టింది. గోడమీద సుద్దతో ఎవరో రాసిన అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి: 'ఫ్యూజులు తీసి జనరేటర్ ఏయాలె.'

ఆమె ఆ గోడను నాలుగు ఫొటోలు తీసింది. పిడిని మూడు తీసింది.

తిరిగి వస్తుంటే మంగ్యా బావి దగ్గర స్టార్టర్ డబ్బా కనిపించింది. పైన చిన్న ఏరియల్.

"సెల్ స్టార్టరా మంగ్యా? కరెంటు వస్తే ఫోన్‌కు మెసేజ్ వచ్చేదా?"

"అవు మేడమ్. కరెంటు పోయినా వస్తది, వచ్చినా వస్తది. ఏడెనిమిదేండ్ల కింద పెట్టిచ్చిన."

"మెసేజ్‌లు ఏ ఫోన్‌కు వస్తుండె?"

"చిన్న ఫోన్. మెసేజ్‌లు నిండి ఇగ కొత్తయి రాకపాయె. గంపల పడేసిన."

"తెస్తవా?"

మంగ్యా ఎంచక్కా తెచ్చాడు. అతనికి చదువు రాదు. చార్జింగ్ పెట్టి పావుగంట ఆగితే ఫోన్ లేచింది. కస్తూరి కిందికి కిందికి నొక్కుకుంటూ పోయింది. జూలై పదిహేడు. తొమ్మిదీ యాభై రెండు: కరెంటు పోయింది. ఆ తర్వాతి మెసేజ్ సాయంత్రం అయిదూ ఇరవై: కరెంటు వచ్చింది. మధ్యలో ఒక్కటీ లేదు.

కస్తూరికి ఒక్కటే జబ్బు. తను కనిపెట్టింది ఎదుటివాళ్లకు విడమర్చి చెప్పందే ప్రాణం ఊరుకోదు.

"చూడు కమలా. ధన్‌సింగ్ పదకొండూ పదికి స్విచ్ ఏసి ఉంటే మంగ్యా మోటారుకు గూడ కరెంటు రావాలె. ఈ ఫోన్ల మెసేజ్ పడాలె. పడలే. అంటే ఆ దినం సాయంత్రం దాక గా స్విచ్‌ను ఎవరూ ముట్టలే. నీ పెనిమిటిని బయటికి తెచ్చేది గీ ఫోన్. ఫొటోలు తీసుకున్న గాని, జడ్జికి అసలు ఫోన్ చూపెట్టాలె. ఇయ్యాల్నే జనగామ పోయి వినీత మేడమ్ చేతిల పెట్టు."

కమలాబాయి ఆ చిన్న ఫోన్‌ను కొంగులో ముడేసి, ముడి మీద మళ్లీ ముడేసింది. మంగ్యా తన భాషలో ఆమెతో ఏదో అన్నాడు. ఆమె తల ఊపింది.

"స్టేషన్ల దించుతనంటున్నడు అక్కా, బండి మీద. మధ్యాహ్నం రైలుకు పోత."

"మంచిది," అంది కస్తూరి. "నేను భూపాలపల్లి పోతున్న. ఎల్లేశం అక్కడున్నడు."

*

ఎల్లేశం ఇప్పుడు భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్ దగ్గర వాచ్‌మన్. కస్తూరి మూడింటికి చేరేసరికి హాల్ వరండాలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఎల్లేశం ఒదిగి కూర్చున్నాడు. రెండోదాంట్లో కాలు మీద కాలేసుకుని భరత్.

ఆరేళ్ల కింద ఈ కేసు పట్టిన సీఐ అతనే. ఇప్పుడు డీఎస్పీ. కస్తూరీ అతనూ ఒకే బ్యాచ్, ఒకే మైదానంలో ట్రైనింగ్. పరుగులో అతను ఫస్టు, పరీక్షలో ఆమె ఫస్టు. ఆ లెక్క ఇద్దరికీ ఇంకా తేలలేదు.

"పొద్దున నువ్వు ఫోన్ చేసినవట, మావోడు పరేషాన్ అయ్యి నాకు చెప్పిండు," అన్నాడు భరత్. "సాక్షిని బెదిరిస్తే ఏ సెక్షనో నీకు గుర్తుందా, మర్చినవా?"

"సాక్షిని కూసోబెట్టి తప్పుడు సాక్ష్యం రాసుకుంటే ఏ సెక్షనో గూడ గుర్తుంది."

"కింది కోర్టు నమ్మింది, కస్తూరి. శిక్ష ఏసింది."

"నువ్వు నమ్మించినవ్. ఆయన చేసిండని నువ్వు నిజంగనే నమ్మినవ్. అందుకే నీ మీద నాకు కోపం లేదు, జాలి ఉంది."

భరత్ ముఖం ఎర్రబడింది. "లంచం తిన్ననా? ఎవన్నన్న కొట్టి ఒప్పుకోమన్ననా? తగువు పడ్డడు, బెదిరించిండు, చూసినోడు ఉన్నడు. ఇంకేం గావాలె?"

"సంచి తెరవాలె. చచ్చిపోయినోని సంచి. నువ్వు తెరవలే."

ఆ ఒక్కమాటకు అతను కాలు మీది కాలు దించాడు.

"అయిదు నిమిషాలు," అంది కస్తూరి. "నువ్వు ఇక్కడ్నే కూసో. నేను గొంతు పెంచను. నీ సాక్షి నీ ముందర్నే మాట్లాడుతడు. నువ్వే గెలిస్తే సోమవారం నేను కోర్టుకు రాను."

భరత్ చేయి ఊపాడు, అడగమన్నట్టు.

కస్తూరి కుర్చీ లాక్కుని ఎల్లేశం ఎదురుగా కూర్చుంది. బ్యాగులోంచి అతని వాంగ్మూలం కాపీ తీసింది.

"ఎల్లేశం అన్నా, గిది నువ్వు కోర్టుల చెప్పిన మాట. చదువుత, తప్పుంటే చెప్పు. 'నేను ఫారంలో ఉండగా ఫ్యాన్లు ఒక్కసారి తిరిగినయి. కరెంటు వచ్చిందేమోనని బయటికి వచ్చి చూసిన. ధన్‌సింగ్ స్విచ్ కాడ ఉన్నడు.' సరేనా?"

"సరే అమ్మా."

"ఫ్యాన్లు తిరిగినయా నిజంగ?"

"తిరిగినయ్. నా బిడ్డల మీద ఒట్టు."

"ఎన్ని?"

"అన్నీ. పన్నెండు."

"నేను గూడ నమ్ముత. ఈ కాయితంల గదొక్కటే నిజం." ఆమె ఫోన్ తీసి భాగ్య అరచేతిలోని మూడు ఫ్యూజుల వీడియో ఇద్దరికీ కనబడేలా పెట్టింది. "ఇవి మీ ఫారం లైను ఫ్యూజులు. స్తంభం ఎక్కేముందు వెంకన్న పీకి సంచిల ఏసుకున్నడు. ఆయన భార్య నా ముందర ఇయ్యాల పొద్దుగాల తీసింది. ఇవి లేకుంటే ట్రాన్స్‌ఫార్మర్ కెల్లి మీ ఫారానికి చుక్క కరెంటు రాదు. ధన్‌సింగ్ స్విచ్ ఏసినా రాదు, దేవుడు ఏసినా రాదు. మరి పన్నెండు ఫ్యాన్లు ఎట్ల తిరిగినయ్ అన్నా?"

ఎల్లేశం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

భరత్ ముందుకు వంగి వీడియో మళ్లీ చూశాడు. కస్తూరి పొద్దున తీసిన ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఫొటో చూపించింది. మూడు నల్లవి, మూడు తెల్లవి. తర్వాత ఇరుక్కుపోయిన చేంజోవర్, గోడ మీది సుద్ద రాత.

"గా రాత నీదేనా?" అంది.

ఎల్లేశం రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కస్తూరి తొందర చేయలేదు. ఆరేళ్లు మోసిన బరువు దించుకునేవాడికి ఆ మాత్రం టైం పడుతుందని ఆమెకు తెలుసు.

"జనరేటర్ నేనే ఏసిన అమ్మా," అన్నాడు. "గా పిడి ఇరుక్కుపోయి నెల అయితుండె. జనరేటర్ ఏసే ముందల మా షెడ్డుల మెయిన్ ఫ్యూజులు పీకుడు, బంద్ చేసినంక పెట్టుడు. పీకకుంటే జనరేటర్ కరెంటు ఎన్కకు, లైన్ల మీదికి ఉరుకుతది. రోజు నేనే చేసుకుంటుంటి. ఆ దినం ఒకాయన వచ్చిండు. ఎండకు కోళ్లు ఉడుకుతున్నయ్, ఫ్యూజులు నేను పీకిన, నువ్వు జనరేటర్ ఏయి పో అన్నడు. ఏసిన. రెండు నిమిషాలకు అరుపు వినవడ్డది. ఉరికొచ్చి చూస్తే ఫ్యూజులు పెట్టినయి పెట్టినట్టే ఉన్నయ్. స్తంభం మీద మనిషి ఉన్నడని నాకు ఎర్కనే లేకుండె అమ్మా. ఆయనకు ఎరుకే. ఆయన గా తొవ్వలకెల్లే వచ్చిండు."

"తర్వాత?"

"సంపింది నీ చెయ్యి అన్నడు. నేనొచ్చినట్టు ఎవలు చూడలే అన్నడు. ధన్‌సింగ్ పేరు చెప్పు, మనం బతుకుతం అన్నడు. నాకు ఇద్దరు చిన్న పిల్లలు. భయమైంది."

"పందుల తీగ ఆయనదేనా? వెంకన్న పీక్కొచ్చింది?"

"ఆయనదే. వెంకన్న కేసు పెడ్తనని మంది ముందర అన్నడు. ధన్‌సింగ్ తోటి గెట్టు పంచాయితి ఎప్పటికెల్లో ఉన్నది. ఒక్క దెబ్బకు రెండూ అయినయ్."

'గెట్టు' అన్న మాట వినగానే, ధన్‌సింగ్ పొలం గట్టుకు అవతల ఎవరి పొలం ఉందో కస్తూరికి గుర్తొచ్చింది. అయినా అడిగింది. పేరు సాక్షి నోట రావాలి.

"ఎవరన్నా ఆయన?"

"మంగ్యా."

భరత్ కుర్చీలోంచి లేచాడు. "మంగ్యానా?" అన్నాడు. గొంతు మారిపోయింది. "ఎల్లేశాన్ని నా కాడికి తోలుకొచ్చి, సారూ వీడు చూసిండట అని నిలబెట్టింది మంగ్యానే. తగువుకు సాక్ష్యం చెప్పింది గూడ వాడే. వాళ్ల మనిషే వాళ్ల మీద చెప్తుండంటే అబద్ధం ఎందుకైతదనుకున్న."

కస్తూరి వినడం లేదు. గడియారం చూసింది. మూడూ యాభై. పొద్దున బావి దగ్గర తను చెప్పిన ప్రతి మాటా గుర్తొచ్చింది. ధన్‌సింగ్‌ను బయటికి తెచ్చేది గీ ఫోన్. ఆ మాట వినేదాకా మంగ్యాకు ఆ ఫోన్ ఒక పనికిరాని డబ్బా. అందుకే గంపలోంచి ఎంచక్కా తీసిచ్చాడు. దాని విలువ వాడికి చెప్పింది తనే. కమలాబాయిని వాడి బండి ఎక్కించిందీ తనే.

ఇరవై ఏళ్లలో ఇంత పెద్ద తప్పు ఆమె చేయలేదు. దాని గురించి బాధపడటం తర్వాత చూసుకోవచ్చు. ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది.

మూడో రింగుకు కమలాబాయి ఎత్తింది. వెనక రైలు చప్పుడు.

"కమలా, నేను అడుగుత. అవును, కాదు, గంతే చెప్పు. మంగ్యా స్టేషన్ల దించి పోయిండా?"

"కాదు."

"నీతోటి రైలెక్కిండా?"

"అవునక్కా."

"చిన్న ఫోన్ నీ కొంగులనే ఉన్నదా?"

"అవును."

"యాడి దాక వచ్చింది రైలు? వరంగల్ దాటిందా?"

"అవును. కాజీపేట వస్తదంటున్నరు." కొంచెం ఆగి, మామూలుగా మాట్లాడుతున్నట్టే అంది. "డబ్బల ఉక్కపోస్తుంది అక్కా. తలుపు కాడ గాలి బాగొస్తది రా అంటున్నడు. రెండు సార్లు పిలిచిండు."

కస్తూరి భరత్ వైపు చూసింది. అతనూ విన్నాడు. ఆమె నోరు విప్పే లోపే తన ఫోన్‌లో కాజీపేట రైల్వే పోలీసుల నంబరు నొక్కుతూ నాలుగడుగులు పక్కకు పోయాడు.

"కమలా, విను. సీటు ఇడిచి లేవకు. పక్కన ఆడోళ్లు ఉన్నరా?"

"అవును."

"ఒకామె చెయ్యి గట్టిగ పట్టుకో. ఏమనుకున్నా పర్వాలేదు. పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"ఇప్పుడు నేను చెప్పేది విని అరవకు. వెంకన్నను సంపింది మంగ్యా. నీ పెనిమిటిని ఇరికించింది మంగ్యా. ఎల్లేశం ఇప్పుడే ఒప్పుకున్నడు, భరత్ సార్ ముందర్నే."

రైలు చప్పుడు ఒక్కటే. కమలాబాయి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, ఒకసారి, ఇంకోసారి. ఆరేళ్లు వాడు తెచ్చి దించిన వడ్లే వండి పూజకు పెట్టింది ఆమె.

వరండా చివర భరత్ గట్టిగా మాట్లాడుతున్నాడు. "వరంగల్ దిక్కుకెల్లి వచ్చే బండి, జనరల్ డబ్బ. ప్లాట్‌ఫాం మీద నలుగురిని పెట్టుండ్రి. ఆడమనిషి ప్రాణం ఉంది అందుల. నిందితుడి పేరు..." ఒక్క క్షణం తడబడ్డాడు. ఆరేళ్లుగా ఆ కేసు పక్కన అతని నోట వచ్చిన పేరు వేరే. "నిందితుడి పేరు మంగ్యా. హత్య కేసు. లైన్‌మన్ వెంకన్న హత్య. అవును, గా పాత కేసే. నాదే. తప్పు నాదే, ముందుగల మనిషిని పట్టుకోండ్రి."

కస్తూరి చేతిలో ఫోన్‌లోంచి మగ గొంతు వినిపించింది. దగ్గరగా, నవ్వుతున్నట్టుగా.

"ఇంకెంతసేపు వదినా? ఎవలు ఫోన్ల?"

కమలా, నేనే అని చెప్పు, ఏదో ఒకటి చెప్పి ఊకుండు అనబోయింది కస్తూరి. కానీ కమలాబాయి అప్పటికే మాట్లాడుతోంది. ఆ గొంతు కస్తూరి ఎరిగిన గొంతు కాదు. కోర్టు వరండాల్లో, జైలు గేటు ముందు, లాయరు గుమ్మంలో ఆరేళ్లు తగ్గించి తగ్గించి మాట్లాడిన మనిషి, డబ్బాలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వినబడేలా అరిచింది.

"పోలీసోళ్లు మంగ్యా! లైన్‌మన్ వెంకన్నను సంపింది నువ్వేనా అని అడుగుతున్నరు. ఏమని చెప్పాలె?"

అంతదాకా ఫోన్‌లో వినబడుతున్న ముచ్చట్లు, పిల్లల ఏడుపు, పల్లీలమ్మేవాడి కేక, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.